శబ్దం లేని స్పీకర్: ట్యూబ్ యాంప్లిఫయర్‌కు ఇంట్లో చేసుకునే లోడ్ బాక్స్

గిటార్ ట్యూబ్ యాంప్లిఫయర్ సత్తా వాల్యూమ్ బాగా పెంచితేనే బయటపడుతుంది. ముందు దశలోని చిన్న వాల్వులు (ట్యూబులకే మరో పేరు) ఎంత గరగరలాడినా, చివరి దశలోని పవర్ వాల్వులు చెమటోడ్చినప్పుడు పుట్టే నాదం వేరు. చిక్కల్లా మోతతోనే. సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్ ఒక్క వాటుకే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ పలుకుతుంది. 50 వాట్లు ఇస్తే లెక్క ప్రకారం 117. అపార్ట్‌మెంటులో ఆ స్థాయిలో ఒక్క పాట వాయించి చూడండి, సాయంత్రానికల్లా అసోసియేషన్ సెక్రటరీ తలుపు తడతాడు.

అందుకే లోడ్ బాక్స్. స్పీకర్ స్థానంలో కూర్చుని, యాంప్లిఫయర్ ఇచ్చే శక్తినంతా వేడిగా మార్చేసి, రికార్డింగుకు సరిపడే చిన్న సిగ్నల్‌ను మాత్రం బయటికి ఇచ్చే డబ్బా ఇది. దీని తోబుట్టువు అటెన్యుయేటర్. అది శక్తిలో కొంత తాను మింగి, మిగిలింది స్పీకర్‌కు పంపుతుంది. బోస్టన్ బృందం గిటారిస్టు టామ్ షోల్జ్ ఎంఐటీలో చదివిన ఇంజినీరు. ఆయన 1980లో పెట్టిన కంపెనీ అమ్మిన పవర్ సోక్ ఆ కోవలో బాగా పేరుపడింది. ఇప్పుడు కొత్తగా కొనాలంటే మంచి లోడ్ బాక్స్ ధర ఒక చిన్న యాంప్లిఫయర్ ధరతో పోటీ పడుతుంది. లోపల చూస్తే రెసిస్టర్లు, కాయిల్స్, కండెన్సర్లు. ఇంట్లో చేసుకోవాలన్న ఆలోచన రావడం సహజమే.

చేసుకోవచ్చు కూడా. అయితే ఔత్సాహికుల శ్రద్ధ ఎక్కువగా ఓమ్‌ల లెక్క మీదే ఉంటుంది. ఓమ్‌లు అటూ ఇటూ అయితే ప్రాణం మీదికి రాదు. లోడ్ బాక్స్‌లో యాంప్లిఫయర్‌ను బలి తీసుకునేది తెగిన అతుకు, నాదాన్ని చంపేది చదునైన నిరోధం. ఈ రెండూ అర్థమైతే మిగిలింది కంసాలి పనే.

స్పీకర్ పీకేస్తే ఏమవుతుంది?

50 వాట్ల మార్షల్ తరహా యాంప్లిఫయర్‌ను తీసుకుందాం. చివర రెండు ఈఎల్34 వాల్వులు ఉంటాయి. వాటికి కావలసిన లోడు సుమారు 3,400 ఓమ్‌లు, స్పీకర్‌ది 8 ఓమ్‌లు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఇంపీడెన్స్ (మారే సిగ్నల్‌కు ఎదురయ్యే మొత్తం నిరోధం) నిష్పత్తి 425, కాబట్టి చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, దాదాపు 20.6. స్పీకర్ దగ్గర 20 వోల్టులు ఉన్నప్పుడు వాల్వుల వైపు 400 పైచిలుకు వోల్టులు ఊగుతుంటాయి.

స్పీకర్ లేకుండా వాయిస్తే ఈ పొత్తు చెడుతుంది. వాల్వులు కరెంటును నెడుతూనే ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో అయస్కాంత శక్తి నిల్వ అవుతూనే ఉంటుంది, ఖర్చయ్యే దారి మాత్రం ఉండదు. కరెంటు హఠాత్తుగా ఆగిన క్షణంలో ఆ శక్తి అంతా వోల్టేజిగా ఎగదన్నుతుంది. పాత ట్యూబ్‌లైటులో స్టార్టర్ విడిపోగానే చోక్ ఒక్క తన్ను తన్ని ట్యూబు వెలిగించేది చూశాం కదా, ఇక్కడ జరిగేదీ అచ్చంగా అదే. అక్కడ ఆ తన్ను కావాలని చేసుకున్న ఏర్పాటు. ఇక్కడ అది వేల వోల్టులకు చేరి వాల్వు సాకెట్ మీద మెరుపై దూకుతుంది. ఈఎల్34 సాకెట్‌లో 3వ పిన్ను అధిక వోల్టేజి ఉండే ప్లేటుది, పక్కనే ఉన్న 2వ పిన్ను హీటరుది. లోడు లేకుండా నడిచిన యాంప్లిఫయర్లను విప్పితే తరచూ ఈ రెండు పిన్నుల మధ్యే సన్నని నల్లటి చార కనిపిస్తుంది. ఆ చార బొగ్గు. బొగ్గు కరెంటును మోస్తుంది కాబట్టి మరుసటిసారి మెరుపు ఇంకా తేలిగ్గా దూకుతుంది. సాకెట్ మారిస్తే పోయే నష్టం అది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్ కాలితే మాత్రం ఖర్చు ఘనంగానే ఉంటుంది.

ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ల అలవాటుతో వచ్చినవారు ఇక్కడే తికమకపడతారు. వాటికి షార్ట్ సర్క్యూట్ ప్రమాదం, ఖాళీగా వదిలేస్తే ఏమీ కాదు. ట్యూబ్ యాంప్లిఫయర్‌కు సరిగ్గా తలకిందులు. కాసేపు షార్ట్ అయినా తట్టుకుంటుంది, తెరిచి ఉంటే తట్టుకోదు. ఫెండర్ తన యాంప్లిఫయర్లలో ప్రధాన స్పీకర్ జాక్‌ను ప్లగ్ తీయగానే షార్ట్ అయ్యేలా పెట్టింది ఇందుకే.

దీన్నుంచి లోడ్ బాక్స్‌కు మొదటి నియమం దానంతటదే వస్తుంది. శక్తి నడిచే దారిలో తెగే వస్తువు ఏదీ ఉండకూడదు. ఫ్యూజు వద్దు. కరెంటు పని తెలిసినవారికి ఇది వింతగా తోస్తుంది, ప్రతి పెట్టెలోనూ ఫ్యూజు వేయడం మన చేతులకు అలవాటైన జాగ్రత్త. ఇక్కడ ఫ్యూజు ఎగరడమే ప్రమాదం. ఆన్-ఆఫ్ స్విచ్ వద్దు. 4, 8, 16 ఓమ్‌ల మధ్య మార్చే రోటరీ స్విచ్ చూడడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, మామూలు రకం ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి వెళ్లేటప్పుడు మధ్యలో ఒక క్షణం దేన్నీ అంటదు. ఎవరో ఒకరు వాయిస్తూనే దాన్ని తిప్పుతారు. 8 ఓమ్‌ల డబ్బా ఒక్కటి చేసుకుని, యాంప్లిఫయర్‌లోని 8 ఓమ్‌ల జాక్‌కే తగిలించుకోవడం మేలు.

నాలుగు రెసిస్టర్ల డబ్బా

తేలికైన రూపం ఇది. 8 ఓమ్‌లలో 50 వాట్లంటే 20 వోల్టులు, 2.5 ఆంపియర్లు. కానీ 50 వాట్లు అన్న మాట శుభ్రమైన సైన్ తరంగానికి చెప్పింది. వాల్యూమ్ చివరికంటా తిప్పితే తరంగం చదరమవుతుంది. అదే శిఖర వోల్టేజిలో చదరపు తరంగం మోసే శక్తి సైన్ తరంగానికి రెట్టింపు. విద్యుత్ సరఫరా కుంగుతుంది కాబట్టి నిజంగా 100 వాట్లు రావు, 70 నుంచి 80 వరకు వస్తాయనుకుని కట్టాలి.

వాడవలసింది అల్యూమినియం తొడుగున్న వైర్‌వౌండ్ రెసిస్టర్, బంగారు రంగులో పక్కలకు రెక్కలతో ఉండేది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇలాంటి సరుకు వెతకవచ్చు. 8 ఓమ్‌లది దొరకకపోతే 8.2 తీసుకోండి, ఆ తేడాను ఏ యాంప్లిఫయరూ పట్టించుకోదు. దాని మీద 100 వాట్లు అని రాసి ఉంటుంది, కానీ అది నిర్దేశించిన కొలతల హీట్ సింక్‌కు (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మకు) బిగించినప్పటి మాట. గాలిలో వేలాడదీస్తే సగం పని కూడా కష్టమే. ఒకే వాటేజి రాసి ఉన్న రెండింటిలో ఒకటి మరీ చిన్నగా ఉంటే దాని మీది అంకెను నమ్మకండి.

100 వాట్లవి నాలుగు తీసుకుంటే కాగితం మీద 400 వాట్లు. 50 వాట్ల యాంప్లిఫయర్‌కు ఇది దుబారా కాదు. నాలుగు 8 ఓమ్‌లను మళ్లీ 8 ఓమ్‌లుగా కలపడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. రెండేసి వరుసగా కలిపి, ఆ జంటలను సమాంతరంగా కలపడం ఒకటి. రెండేసి సమాంతరంగా కలిపి, ఆ జంటలను వరుసగా కలపడం మరొకటి. మల్టీమీటర్‌కు రెండూ ఒకటే. తేడా ఒక రెసిస్టర్ తెగినప్పుడు తెలుస్తుంది. మొదటి పద్ధతిలో ఒక జంట పూర్తిగా పోయి లోడు 16 ఓమ్‌లకు ఎగబాకుతుంది. రెండో పద్ధతిలో 12 దగ్గరే ఆగుతుంది. అయితే అప్పుడు ఒంటరిగా మిగిలిన రెసిస్టర్ మీద మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు పడుతుంది. 100 వాట్ల రెసిస్టర్ 50 వాట్ల పైచిలుకును కాసేపు భరిస్తుంది కాబట్టి నా ఓటు రెండో పద్ధతికే. ఎలా కలిపినా, ఒక్క పెద్ద రెసిస్టర్ మీద ఆధారపడడం కన్నా ఇది నయం. ఆ ఒక్కటీ తెగితే మిగిలేది శూన్యం.

వేడి సంగతి మన ఊళ్లలో వేరుగా చూసుకోవాలి. డిగ్రీ పర్ వాట్ అని హీట్ సింక్‌కు ఒక కొలత ఉంటుంది. ఒక వాటుకు ఒక డిగ్రీ పెరిగే సింక్‌లో 70 వాట్లు పోస్తే చుట్టూ ఉన్న గాలి కన్నా 70 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. 25 డిగ్రీల గదిలో అది 95. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 44 డిగ్రీల మధ్యాహ్నం అయితే 114. కాబట్టి విదేశీ డ్రాయింగులు చెప్పిన సింక్ కన్నా పెద్దది వేయాలి. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాను పెట్టుకోవచ్చు, కానీ ఫ్యాను ఆగిపోయినా డబ్బా బతికేలా సింక్ ఉండాలి. రెసిస్టర్‌కు, సింక్‌కు మధ్య థర్మల్ పేస్టు పలుచగా పూయాలి. దళసరిగా పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది. డబ్బా చెక్కది, ప్లాస్టిక్‌ది వద్దు, రంధ్రాలున్న లోహపు పెట్టె కావాలి.

ఇక అతుకులు. 60/40 టంకం 190 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది. రెసిస్టర్ కాలు అంత వేడెక్కకపోవచ్చు. కానీ ప్రతి రాత్రీ వేడెక్కి చల్లారే అతుకు మెల్లగా పెళుసుబారుతుంది. అందుకని తీగను ముందు రెసిస్టర్ కాలికున్న రంధ్రంలోంచి దూర్చి, చుట్టూ మెలిపెట్టి, నొక్కి, ఆ తర్వాతే టంకం వేయాలి. టంకం కరిగినా మెలి పట్టి ఉంచాలి. తీగ కనీసం ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది, ఇళ్ల వైరింగులో వాడే రకం చాలు. యాంప్లిఫయర్ నుంచి డబ్బాకు వచ్చేది స్పీకర్ కేబుల్ అయి ఉండాలి. గిటార్ కేబుల్ ప్లగ్ అదే కొలతలో ఉంటుంది, దూరుతుంది కూడా. లోపలి సన్నని తీగ రెండున్నర ఆంపియర్ల కోసం చేసింది కాదు.

స్పీకర్ మీది 8 అంకె పూర్తి నిజం కాదు

ఇంతవరకు చేసినది బాగుచేసే బల్ల మీద యాంప్లిఫయర్‌ను పరీక్షించడానికి నిక్షేపంగా పనికొస్తుంది. రికార్డింగుకు వాడితే మాత్రం చాలామంది మొదట అనే మాట: ప్రాణం లేదు. ఈ ఫిర్యాదుకు గట్టి కారణమే ఉంది.

8 ఓమ్‌ల స్పీకర్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే ఆరున్నర చూపిస్తుంది. అది కాయిల్ తీగ నిరోధం. సిగ్నల్ ఇచ్చినప్పుడు కథ మారుతుంది. కోన్‌కు బరువుంది, అంచుల్లో సాగే గుణం ఉంది, కనుక దానికి సహజంగా ఊగే పౌనఃపున్యం ఒకటుంటుంది. వింటేజ్ 30కి అది 75 హెర్ట్జ్. వెనక మూసిన పెట్టెలో బిగిస్తే 100 దాటి వెళుతుంది. అక్కడ కోన్ తేలిగ్గా ఊగుతూ వెనక్కి వోల్టేజి పుట్టిస్తుంది, ఇంపీడెన్స్ అనేక రెట్లు లేస్తుంది. 400 హెర్ట్జ్ చుట్టుపక్కల పడిపోయి 8కి దగ్గరవుతుంది. పైకి పోయేకొద్దీ కాయిల్ ఇండక్టెన్స్ (మారే కరెంటును అడ్డుకునే గుణం) వల్ల మళ్లీ ఎక్కి, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 20, 30 ఓమ్‌లకు చేరుతుంది.

మామూలు స్టీరియో యాంప్లిఫయర్ ఈ ఎత్తుపల్లాలను లెక్కచేయదు, ఇవ్వవలసిన వోల్టేజి ఇచ్చేస్తుంది. ఈఎల్34 లాంటి పెంటోడ్ రకం వాల్వుల తీరు వేరు. అవి కరెంటును పట్టి ఉంచడానికి చూస్తాయి. అంటే ఇంపీడెన్స్ లేచిన చోట వోల్టేజీ లేస్తుంది. గిటార్ ఆరో తీగ (E స్వరం) 82 హెర్ట్జ్, ఐదో తీగ (A స్వరం) 110. పెట్టెలోని స్పీకర్ ఇంపీడెన్స్ లేచే గుట్ట సరిగ్గా వాటి మధ్య నిలబడింది. అరచేతితో తీగలను అదిమి కొట్టినప్పుడు కడుపులో తగిలే దెబ్బ సగం అక్కడిదే. పైన పెరిగిన భాగం మెరుపునిస్తుంది. చదునైన 8 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టగానే ఈ రెండూ మాయమై, మధ్య స్వరాలు మాత్రమే ముందుకొచ్చి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది.

అన్ని యాంప్లిఫయర్లూ ఒకే మోతాదులో బాధపడవు. అవుట్‌పుట్ నుంచి కొంత సిగ్నల్‌ను వెనక్కి తెచ్చి తేడాను సరిదిద్దే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఎక్కువగా ఉన్నవి, ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటివి, స్పీకర్ గుణాన్ని కొంత అణచివేస్తాయి. వాటికి రెసిస్టర్ డబ్బా పరవాలేదు. వాక్స్ ఏసీ30లో ఆ ఫీడ్‌బ్యాక్ లేదు, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పోయిన బాస్, ట్రెబుల్‌ను తర్వాత కంప్యూటర్‌లో పెంచుకోవచ్చు కదా అంటే, చాలా వరకు పెంచుకోవచ్చు. పూర్తిగా ఎందుకు కుదరదంటే, ఇంపీడెన్స్ ఎక్కువున్న చోట వాల్వు ముందుగా హద్దు తాకి, తరంగం కొన తెగుతుంది. ఆ వక్రీకరణ పుట్టేది వాల్వు దగ్గర. దాన్ని తర్వాత వేసే ఈక్వలైజర్ తిరిగి పుట్టించలేదు.

గుట్టను కట్టడం

స్పీకర్‌ను అనుకరించే రియాక్టివ్ లోడు మూడు ముక్కలు వరుసగా కలిపినది. మొదటిది ఆరు ఓమ్‌ల పైచిలుకు రెసిస్టర్, స్పీకర్ తీగ నిరోధానికి బదులు. రెండోది కింది గుట్ట కోసం ఒక కాయిల్, ఒక కండెన్సర్, ఒక రెసిస్టర్ సమాంతరంగా. 20 మిల్లీహెన్రీల కాయిల్, 120 మైక్రోఫారడ్ల కండెన్సర్ కలిస్తే 103 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. వాటికి అడ్డంగా 30 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే గుట్ట ఎత్తు, వరుసలోని ఆరున్నరతో కలిసి, 36 ఓమ్‌ల దగ్గర ఆగుతుంది. ఈ 30 ఓమ్‌లది చిన్నది పెట్టకండి. కింది స్వరాలు గట్టిగా వాయిస్తే దాని మీద 30 వాట్లదాకా పడవచ్చు, 50 వాట్లది సింక్‌కే బిగించాలి. మూడోది పై ఎక్కుడు కోసం ఒక మిల్లీహెన్రీకి అటూ ఇటూ కాయిల్. నిజమైన స్పీకర్‌లో కాయిల్ మధ్యలోని ఇనుములో సుడి కరెంట్లు పుట్టి ఎక్కుడును కాస్త మందగింపజేస్తాయి. కాబట్టి అర మిల్లీహెన్రీవి రెండు వరుసగా పెట్టి, ఒకదానికి అడ్డంగా 22 ఓమ్‌లు వేస్తే పోలిక దగ్గరపడుతుంది.

చేయి తిరిగినవారు కూడా తడబడేది 20 మిల్లీహెన్రీల దగ్గరే. గాలి కోరుతో, అంటే మధ్యలో ఇనుము లేకుండా చుట్టాలంటే రాగి కిలోల్లో పడుతుంది, లేదా తీగ సన్నబడి నిరోధం పెరుగుతుంది. చిన్న ఫెర్రైట్ కోరు వాడితే రెండు మూడు ఆంపియర్లకే అయస్కాంతంగా నిండిపోయి, వాయించే కొద్దీ గుట్ట జరిగిపోతుంది. స్పీకర్ క్రాసోవర్లలో వాడే, ఇనుప రేకుల కోరున్న కాయిల్ కొనడం ఉత్తమం. లేదంటే ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవారికి హెన్రీ, కరెంటు రెండూ చెప్పి చుట్టించుకోవచ్చు. దాని సొంత నిరోధాన్ని కొలిచి, వరుసలోని రెసిస్టర్‌లోంచి అంత తగ్గించుకోవాలి. కండెన్సర్ ధ్రువాలు లేని రకం, 100 వోల్టులది కావాలి. ధ్రువాలున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ పెడితే ఉబ్బి పేలుతుంది. పై స్వరాల గాలి కోరు కాయిల్స్‌ను ఒకదానికొకటి లంబంగా అమర్చి, ఉక్కు పెట్టె గోడకు దూరంగా ఉంచండి. వాటి నడుమ ఇనుప బోల్టు దూర్చి బిగించకండి, బోల్టే కోరు అయిపోతుంది.

ఇది నడుస్తుంటే గది నిశ్శబ్దంగా ఉండదు. చెవి దగ్గర పెడితే డబ్బాలోంచి మీరు వాయించిన పాటే, ఈగ పాడినంత సన్నగా వినిపిస్తుంది. కాయిల్ చుట్లు, యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ రేకులు కంపించడం వల్ల వచ్చే శబ్దం అది. కంగారుపడనక్కర్లేదు.

బయటికి తీసే సిగ్నల్

20 వోల్టులను ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టెకు) నేరుగా ఇవ్వలేం. లోడుకు అడ్డంగా 10 కిలో ఓమ్‌లు, 470 ఓమ్‌లు వరుసగా పెట్టి, 470 మీద నుంచి తీసుకుంటే 0.9 వోల్టు వస్తుంది, లైన్ ఇన్‌పుట్‌కు సరిపోతుంది. అర వాటు రెసిస్టర్లు చాలు. దాని తర్వాత 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వేయడం మంచిది, ఎందుకంటే యాంప్లిఫయర్ ఎర్తు, కంప్యూటర్ ఎర్తు కలిస్తే గుయ్ మని హమ్ మొదలవుతుంది. ఆ హమ్ పోగొట్టడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు కొందరికి ఉంది. 450 వోల్టులు లోపల పెట్టుకున్న యంత్రానికి ఎర్తు తీసేసి, దాని పెట్టెకు కలిపి ఉన్న గిటార్ ఇనుప తీగల మీద వేళ్లు పెట్టి వాయించడమంటే తెగింపు కాదు, తెలివితక్కువతనం.

ఇలా వచ్చిన సిగ్నల్ నేరుగా వింటే కందిరీగల తుట్టెలా ఉంటుంది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పలకడం దాదాపు మానేస్తుంది, వక్రీకరణలోని గరుకంతా ఆ పైనే ఉంటుంది. లోడ్ బాక్స్ ఎంత బాగా స్పీకర్‌లా ప్రవర్తించినా అది కరెంటు వైపు పోలికే, గాలిలో పలికే తీరు దానికి లేదు. ఆ వడపోతను సాఫ్ట్‌వేర్‌లో ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఫైలు చేస్తుంది. ఒక స్పీకర్ పెట్టె, దాని ముందు మైకు కలిసి శబ్దాన్ని ఎలా మలుస్తాయో అందులో నమోదై ఉంటుంది. ఉచితంగానే దొరుకుతాయి. రెసిస్టర్ డబ్బాను ఇది లేకుండా విని, ఖరీదైన కాయిల్స్ కోసం పరుగెత్తకండి. ముందు ఫైలు తగిలించి వినండి, అప్పటికీ కింద బలం చాలకపోతే గుట్ట కట్టండి.

మొదటిసారి కలిపే ముందు మల్టీమీటర్ వైర్లను ఒకదానికొకటి తాకించి, వచ్చిన 0.3 ఓమో 0.5 ఓమో రాసుకుని, డబ్బా కొలతలోంచి తీసివేయండి. రెసిస్టర్ డబ్బా 8 దగ్గర, రియాక్టివ్ డబ్బా ఆరున్నర దగ్గర చూపాలి. కొలుస్తూనే ప్లగ్‌ను, కేబుల్‌ను, ప్రతి అతుకును కదిలించండి. అంకె ఎక్కడైనా గెంతితే ఆ అతుకు మళ్లీ చేయాల్సిందే. తర్వాత తక్కువ వాల్యూమ్‌లో పది నిమిషాలు నడిపి వేడి చూడండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద ఉన్నదానికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. రెసిస్టర్ వీపు మీద నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి, దాని మీద గురిపెట్టండి.